కడుపులో బిడ్డ, డిక్కీలో నీళ్ల సీసాలు

మొదటి రోజు: హైదరాబాద్ – కర్నూలు

ఇరవయ్యో వారం టిఫా స్కాన్ అయిపోయింది. బిడ్డ వెన్నెముక, గుండెలో నాలుగు గదులు, కాళ్లు చేతులు ఒక్కొక్కటే చూపించి అంతా బాగుందని డాక్టరమ్మ చెప్పాక అడిగాను, వారం రోజులు కారులో తిరగొచ్చా అని. తిరుగు గానీ రెండు గంటలకోసారి దిగి నడవాలన్నది. కడుపుతో ఉన్నప్పుడు కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువట. సీటు బెల్టు పట్టీ పొట్ట మీదికి రాకుండా, కిందుగా తొడల మీద పెట్టుకోమన్నది. హిమోగ్లోబిన్ 10.2 ఉంది, ఐరన్ మాత్ర టీతో కలిపి వేసుకోవద్దని రెండుసార్లు చెప్పింది.

ఇంతకీ ఎందుకు బయల్దేరామంటే, నేను బావా అని పిలిచే మా ఆయన పని అంతా అనంతపురం, కదిరి వైపు. డ్రిప్పు పైపుల కంపెనీలో పదేళ్లుగా పొలాల వెంట తిరుగుతున్నాడు. ఉప్పల్‌లో మా ఇంటికి నెలకు రెండుసార్లు వస్తాడు. బిడ్డ పుట్టాక కూడా నెలకు రెండుసార్లేనా అని ఒక రాత్రి అడిగాను. జవాబు చెప్పలేదు. పొద్దున లేచి, "మనమే అక్కడికి పోదాం, రెండు మూడెకరాలు, ఒక పాత ఇల్లు చూద్దాం" అన్నాడు. నాలుగేళ్లుగా ఇద్దరం అనుకుంటున్నదే. బిడ్డ వస్తున్నదనగానే మాట ముడిపడింది.

సంక్రాంతి వెళ్లిన రెండో వారం కాబట్టి రోడ్డు ఖాళీ. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటాక ఆగి, ఆంజనేయస్వామికి దండం పెట్టుకుని, గుడి ముందు కాసేపు నడిచాను. మధ్యాహ్నానికి కర్నూలులో అమ్మ ఇంట్లో ఉన్నాం.

అమ్మకు ఈ ప్రయాణం ఇష్టం లేదు. "కడుపుతో ఉన్నప్పుడు ఇల్లు మొదలుపెట్టకూడదు, తెలీదా?" అన్నది. శంకుస్థాపన వద్దు, కొత్తింట్లో పాలు పొంగించడం వద్దు, ఆమె లెక్కలు ఆమెకున్నాయి. "కట్టడం లేదత్తా, చూడటమే" అన్నాడు బావ. "చూడండి. ముట్టుకోవద్దు" అని, నా కాళ్ల కింద దిండు పెట్టింది.

రాత్రి డిక్కీలో ఖాళీ సీసాలు సర్దాను. లీటరువి ఆరు, కడిగి ఆరబెట్టినవి, మీద ఊరి పేరు రాయడానికి ఒక మార్కరు పెన్ను. ఎనిమిదేళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని. బావ భూమి చూస్తాడు, నేను నీళ్లు చూస్తానని ముందే ఒప్పందం.

రెండో రోజు: బత్తలపల్లి వైపు

డోన్ దాటాక ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. గుత్తి కోట కనిపించినంతసేపూ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. అనంతపురం దాటాక నేల ఎరుపు తిరిగింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ ఇది, అదీ పడితే. కంది కోతలైపోయి చేలల్లో మోళ్లు మిగిలాయి. శనక్కాయ పొలాలు దున్ని వదిలేశారు.

బ్రోకరు చూపించింది నాలుగెకరాలు. సిమెంటు ఇల్లు, రంగు వాసన ఇంకా పోలేదు. మామిడి మొక్కలు వరసగా ఉన్నాయి. బోరు తొమ్మిది వందల అడుగులు. బావ మోటారు వేయించి, బకెట్టు పెట్టి, సెల్లులో సెకన్లు లెక్కేసుకుంటుంటే నేను దోసిలి పట్టాను. నీళ్లు తియ్యగా ఉన్నాయి. కావలి ఉండే ఇంటి ఇల్లాలు, "ఈ నీళ్లలో పప్పు మెత్తగా ఉడుకుతుందమ్మా" అన్నది. సీమలో ఎవరిని అడిగినా నీళ్లకు మొదటి పరీక్ష అదే.

ఆమె కొంగు పట్టుకుని ఎనిమిదేళ్ల పిల్ల నిలబడి ఉంది. నా పొట్ట చూసి నవ్వింది. ముందు పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు, మధ్యలో సుద్దలాంటి తెల్లమచ్చలు. ఎప్పుడొచ్చారని అడిగాను. ఆ పిల్లకు ఏడాది నిండకముందు నుంచీ ఇక్కడే ఉన్నామని చెప్పింది తల్లి.

పప్పు ఉడకకపోతే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువని అర్థం. ఫ్లోరైడ్ సంగతి పప్పు చెప్పదు. పైగా కాల్షియం తక్కువగా ఉండి తియ్యగా తగిలే నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువగా కనిపిస్తుంది. సీమ అడుగున ఉన్నది నల్లరాయి, ఎర్రరాయి. బోరు లోతుకు పోయేకొద్దీ ఆ రాళ్ల మధ్య ఏళ్ల తరబడి నిలిచి, వాటిలోని ఫ్లోరైడ్‌ను కరిగించుకున్న నీళ్లు వస్తాయి. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా పర్వాలేదు, వేరే దారి లేకపోతే ఒకటిన్నర, అంతకు మించకూడదు. పన్ను లోపల తయారయ్యే మొదటి ఎనిమిదేళ్లలో ఈ నీళ్లు తాగితే మచ్చ పంటితో పాటే పుడుతుంది, తర్వాత ఏ పొడితో తోమినా పోదు. ఇంకా ఎక్కువైతే ఎముకలకు. కాచి తాగితే పోతుందనుకుంటారు చాలామంది. పోదు, నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. పటిక, సున్నం వేసి తేర్చే నల్గొండ పద్ధతి ఒకటుంది. మా బడిలో పిల్లలకు చేసి చూపించాను కూడా. అది చెప్పినంత తేలిక కాదు.

సీసా నింపి పేరు రాశాను. బావకు భూమి నచ్చింది, మొహంలో తెలుస్తూనే ఉంది. కారెక్కాక చాలాసేపు ఏం మాట్లాడలేదు. ధర్మవరం దగ్గరికి వచ్చాక, "ఆ పిల్ల పళ్లు నేనూ చూసినాలే" అన్నాడు.

మూడో రోజు: చెన్నేకొత్తపల్లి

రాత్రి ధర్మవరంలో చిన్నాన్న ఇంట్లో పడుకున్నాం. చెన్నేకొత్తపల్లికి వెళ్లాలని మొదటి నుంచీ ఉంది. 1990లో అక్కడ కొందరు కలిసి 32 ఎకరాల బీడు కొని, గడ్డి మొలవని నేలను అడవిగా మార్చారు. టింబక్టు కలెక్టివ్ అంటే ఇటువైపు రైతుల్లో తెలియనివాళ్లు తక్కువ. పెళ్లికి ముందే బావ ఆ కథ చెప్పి, మనమూ అట్లా ఉందామన్నాడు. గుట్ట వాలులో ఆ పచ్చదనం దూరం నుంచి చూశాను. ముప్పై ఏళ్లు పైబడిన కష్టం అది. మాకు జూన్‌లో బిడ్డ వస్తుంది. మొదటిసారి ఆ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను.

దగ్గరలోనే గుట్ట కింద మూడెకరాలు చూపించారు. ధర తక్కువ, నమ్మలేనంత తక్కువ. కాగితాలు అడిగితే డీకేటీ పట్టా. ప్రభుత్వం భూమిలేని పేదలకు సాగు చేసుకోమని ఇచ్చిన భూమి అది. 1977 చట్టం ప్రకారం అమ్మడానికీ కొనడానికీ లేదు. ఇరవై ఏళ్లు దాటినవాటికి హక్కులిస్తూ 2023లో సవరణ వచ్చింది గానీ, సర్వే నంబరు 22ఏ అనే నిషేధిత భూముల జాబితాలో ఉన్నంతకాలం రిజిస్ట్రేషన్ కాదు. "అందరూ తెల్లకాగితం మీద రాసుకుంటున్నారు సార్" అన్నాడు వచ్చినతను. అమ్ముతానన్న రైతు పక్కనే తలవంచుకుని నిలబడ్డాడు. కూతురి పెళ్లట. ఆయన నేలను ఆ ధరకు రాయించుకుని, రేపు మా బిడ్డను ఆ గట్టు మీద నడిపించడం నావల్ల కాదు. సీసా బయటికి తీయలేదు.

ముదిగుబ్బ మీదుగా కదిరి చేరేసరికి చీకటి పడింది.

నాలుగో రోజు: కదిరి

పాదాలు వాచాయి. చెప్పులు పట్టలేదు. పొద్దంతా లాడ్జిలో కాళ్లు ఎత్తి పెట్టుకుని పడుకున్నాను. బావ వెళ్లి శనక్కాయల బెల్లపు ఉండలు, మజ్జిగ తెచ్చాడు. బీపీ చూపించుకుంటే మామూలుగానే ఉంది.

సాయంత్రం ఎండ తగ్గాక తిమ్మమ్మ మర్రిమానుకు పోయాం. ఊడలు దిగి, అవే మానులై, దాదాపు ఐదెకరాల మేర అల్లుకున్న చెట్టు. 1989లో గిన్నిస్ పుస్తకంలో ఎక్కింది. పిల్లలు లేనివాళ్లు ఇక్కడికొచ్చి మొక్కుకుంటే కడుపు పండుతుందని నమ్మకం. పెళ్లయిన మూడో ఏడు మా అత్త మమ్మల్ని ఇక్కడికి తెచ్చింది. అప్పుడు నాకు ఏడుపు తప్ప ఏమీ గుర్తులేదు, చెట్టు ఎట్లా ఉందో కూడా చూడలేదు. ఈసారి ఊడ మీద చెయ్యి పెట్టి చూశాను. గరుకుగా, వెచ్చగా ఉంది. మాకంటే చిన్న జంట ఒకటి గుడి ముందు నిలబడి ఉంది. ఆ అమ్మాయి నా పొట్ట వైపు చూసి చప్పున తల తిప్పుకుంది. ఆ చూపు నాకు తెలుసు. దగ్గరికి వెళ్లాలనిపించింది, ఏమనాలో తెలియక ఆగిపోయాను.

ఐదో రోజు: వంక అవతలి ఇల్లు

కదిరి నుంచి తనకల్లు వైపు పోయి, పెద్ద రోడ్డు దిగి, మట్టిబాటలో నాలుగు కిలోమీటర్లు. చిన్న వంక. ఎండిపోయి ఇసుక తెల్లగా ఉంది. కారు సులువుగా దాటింది. అవతల చింతచెట్ల నీడలో ఇల్లు.

ఇట్లాంటి ఇంటి కోసమే వచ్చాను నేను. చౌడు మిద్దె. రాతిగోడలు మూరన్నర మందం. వేప దూలాలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. వాటి మీద దంతెలు, పైన చౌడుమట్టి. చౌడు వానకు కరిగిపోదు, గట్టిపడి నీటిని లోపలికి దిగనివ్వదు. ఏటా తొలకరికి ముందు కొత్త మట్టి పోసి తొక్కాలంతే. నడింట్లో కప్పుకు వెలుతురు కోసం గవాచి ఉంది. మధ్యాహ్నపు ఎండ పళ్లెమంత గుండ్రంగా బండల మీద పడి, మెల్లగా తిరగలి వైపు జరుగుతోంది. ఆ వెలుగు పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాను. బయట మండుతున్నా లోపల చల్లగా ఉంది. ఉయ్యాల గొలుసులకు కొక్కేలు కూడా దూలానికి ఉన్నాయి. బావ బయట నుంచి అరిచాడు, "రెండున్నర ఎకరాలు, పాసుపుస్తకం, 1బి, ఈసీ, కాగితాలన్నీ సరిగా ఉన్నాయి!"

ఇల్లు తుడిచి తాళంచెవి తెచ్చిన అవ్వ గడపలో కూర్చుంది. "ఎన్నో నెల తల్లీ?" అన్నది. ఐదో నెలని చెప్పాను. చాలాసేపు వంక వైపు చూసింది.

"నా రెండో కాన్పు ఈ ఇంట్లోనే. కార్తీకం. రాత్రి నొప్పులు మొదలయ్యె. మంత్రసాని చూసి బిడ్డ అడ్డం తిరిగిందన్నది. ఎడ్లబండి కట్టినారు. పైన యాడనో వాన కురిసి వంక పారతా ఉండె. ఎడ్లు దిగవు. తెల్లారేదాకా ఈ గట్టునే ఉన్నాం. నేను మిగిలినా. బిడ్డ దక్కలే."

ఎంత తేలిగ్గా చెప్పిందంటే, యాభై ఏళ్లుగా ఆ మాటలు లోపల అరిగి నున్నగా అయిపోయినట్టున్నాయి. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. వేళ్ల కణుపులు చింతగింజల్లా గట్టిగా ఉన్నాయి.

వంక మీద ఇప్పటికీ కల్వర్టు లేదు. ఏడాదికి ఎన్ని రోజులు పారుతుందని బావ అడిగాడు. "పారితే రెండు రోజులు, మూడు రోజులు. కొన్ని ఏండ్లు అసలు పారదు" అన్నది అవ్వ. రెండు రోజులే. 108కు ఫోను చేస్తే వస్తుంది, వచ్చి ఆ గట్టున ఆగుతుంది.

సీసా నింపుకున్నాను గానీ, ఆ ఇల్లు మాది కాదని ఇద్దరికీ తెలుసు. కారెక్కాక ఏడ్చాను. ఇంటి కోసమా, అవ్వ బిడ్డ కోసమా, నాకే తెలియలేదు.

ఆరో రోజు: మదనపల్లె

ములకలచెరువు, అంగళ్లు మీదుగా మదనపల్లె. చలి పెరిగింది. టమోటా మండీ ముందు క్రేట్ల లారీలు దారి ఇవ్వలేదు. 2023 జూలైలో ఇక్కడ కిలో 200 రూపాయల దగ్గరికి పోయిన టమోటా, ధర లేనప్పుడు రోడ్డు పక్కన పారబోస్తారు. బావకు ఆ పంట జోలికి పోవాలని లేదు.

హార్సిలీ హిల్స్ కనిపించేంత దూరంలో మూడెకరాలు, పెంకుటిల్లు. గాలి గొప్పగా ఉంది. కడప కలెక్టరు హార్సిలీ 19వ శతాబ్దంలో బంగళా కట్టుకున్నాక ఆ కొండకు ఆయన పేరొచ్చింది గానీ, ఊళ్లవాళ్లకు అది ఏనుగు మల్లమ్మ కొండే. మల్లమ్మ అనే పసిబిడ్డను ఏనుగులు పెంచాయని కథ.

అన్నదమ్ములు ముగ్గురు వచ్చారు. తాత ఆస్తి, పంపకాల రిజిస్ట్రేషన్ కాలేదు. ముగ్గురం సంతకాలు పెడతామన్నారు. అక్కచెల్లెళ్లు లేరా అని అడిగాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఒకతి ఉంది. పెండ్లయి బెంగుళూరులో ఉంది. ఆయమ్మకు కట్నం అప్పుడే ఇచ్చేసినాం." 2005లో హిందూ వారసత్వ చట్టం మార్చాక, పెళ్లయినా కాకపోయినా ఇట్లాంటి ఆస్తిలో కూతురిది కొడుకుతో సమాన వాటా. ఆమె సంతకం లేకుండా కొంటే రేపు దావా పడుతుందని బావ మెల్లగా చెప్పాడు. నేననుకున్నది వేరు. నా కడుపులో ఉన్నది ఆడబిడ్డే కావచ్చు. ఆమెకు చెప్పకుండా ఆమె ఆస్తిని అమ్మేసే నేల మీద ఆమెను పెంచలేను. చెల్లెలితో మాట్లాడి చెప్పండని ఫోను నంబరు ఇచ్చి వచ్చాం. ఇంతవరకూ ఫోను రాలేదు.

ఏడో రోజు: మళ్లీ అవ్వ

పొద్దున్నే అవ్వ ఎవరితోనో ఫోను చేయించింది. "వంకకు ఇవతల, ఊళ్లోనే మా పక్క మిద్దె ఖాళీగా ఉంది. కొనేదానికి కాదు, బాడుగకు. కొడుకులు బెంగుళూరులో ఉండారు. వచ్చి చూడు."

వెళ్లాం. వంక అవతలి ఇంటిలో సగం కూడా లేదు. చిన్న పడసాల, రెండు గదులు, వెనక పశువుల కొట్టం. కప్పు ఒక మూల కారిన మరక. గవాచి లేదు. కానీ దొడ్లో రాతి బావి, పదిహేను మెట్లు దిగితే చేతికందే నీళ్లు. దగ్గరి చెరువుకు హంద్రీ-నీవా కాలువ నీళ్లు వదిలినప్పటి నుంచి బావి ఎండలేదట. కృష్ణమ్మ శ్రీశైలం దగ్గర నుంచి ఎక్కి ఎక్కి ఇక్కడిదాకా వచ్చి ఈ బావిలో చెమ్మయింది. బావ బావిగట్టు మీద మోకాళ్లూని వంగి చూశాడు. పదేళ్లుగా ఎండిన బోర్ల మధ్య తిరిగే మనిషి, నీళ్లలో తన నీడ చూసుకుని లేవడానికి చాలాసేపు పట్టింది.

అటు అవ్వ ఇల్లు, ఇటు ఆశా కార్యకర్త ఇల్లు. ఎదురుగా ఇద్దరు చంటిపిల్లల తల్లి. నేను అరుగు మీద కూర్చున్న పది నిమిషాల్లో ముగ్గురు ఆడవాళ్లు వచ్చి, ఏం తింటున్నానో, రక్తం ఎంతుందో అడిగారు. ఒకామె రాగిసంకటి, ఊరుబిండి తెచ్చి పెట్టింది.

రాత్రి తొమ్మిదింటికి అక్కడి నుంచి కదిరి ఏరియా ఆసుపత్రి దాకా కారు నడిపి చూశాం. గుంతలు తప్పించుకుంటూ, నిండు నెలల మనిషిని కూర్చోబెట్టుకున్నట్టే నెమ్మదిగా పోనిచ్చాడు బావ. 41 నిమిషాలు. తిరిగి వచ్చేటప్పుడు 38. ఒక్క వంక లేదు, ఒక్క రైలు గేటు లేదు. పుస్తకంలో రాసుకున్నాను.

ఎనిమిదో రోజు, ఆ తర్వాత

కర్నూలులో అమ్మకు చెప్పాం. కాన్పు ఆమె దగ్గరే. బిడ్డకు మూడో నెల వచ్చాక అవ్వ పక్కింటికి బాడుగకు పోతాం. భూమి సంగతి ఏడాది ఆ ఊళ్లో ఉన్నాక చూస్తాం. ఇల్లు మొదలుపెట్టడం లేదు కదా, అమ్మ లెక్కకూ సరిపోయింది.

సీసాలు ల్యాబులో ఇచ్చాం. వారానికి కాగితాలు వచ్చాయి. బత్తలపల్లి దగ్గరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ 2.8. వంక అవతలి ఇంటిది 1.6. అవ్వ పక్కింటి బావిది 0.7. ఆ అంకె చూసి ఊపిరి పీల్చుకున్నాను. కింది గీతలో నైట్రేటు 58 ఉంది. 45 దాటకూడదు. ఆరు నెలల లోపు పసిబిడ్డకు అట్లాంటి నీళ్లతో డబ్బాపాలు కలిపి పడితే రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది. తల్లిపాలు తాగినన్నాళ్లు ఆ భయం లేదు. అయినా ఎట్లా వచ్చిందా అని ఆలోచిస్తే కళ్ల ముందుకొచ్చింది, బావికి నాలుగు బారల దూరంలో కొట్టం వెనక పేడదిబ్బ. వానకు ఆ రసమంతా నేలలోకి దిగి బావిలో కలుస్తోంది.

అవ్వకు ఫోను చేశాను. నైట్రేటు అని చెప్పకుండా, దిబ్బ ఊట బావిలోకి దిగుతోందవ్వా, పసిబిడ్డకు మంచిది కాదు, దాన్ని చేను దగ్గరికి మార్చి, బావి తోడించి, వానలయ్యాక మళ్లీ నీళ్లు పరీక్ష చేయించాలి అన్నాను. కాసేపు మాట రాలేదు. ఎవరినో కేకేసి ట్రాక్టరు ఎప్పుడొస్తుందని అడుగుతున్నది.

"దిబ్బ రేపే ఎత్తిపిస్తా" అన్నది తిరిగి ఫోనులోకి వచ్చి. "నువ్వు బిడ్డనెత్తుకుని రా."